డిస్కౌంట్ల పేరుతో వచ్చే మోసపు మెసేజ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్ని వరసగా చదవాల్సిన పనిలేదు. ఇప్పటికే కార్డు వివరాలో, ఓటీపీయో ఇచ్చేసి ఉంటే మిగతావన్నీ వదిలేయండి. ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి. ఆ తర్వాత తిరిగొచ్చి "కార్డు నంబర్ ఇచ్చేశాను" అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి.

ఆఫర్ మెసేజ్ అసలుదో నకిలీదో చూడగానే చెప్పే కిటుకు ఏదైనా ఉందా?

లేదు. అసలు ఆ పరీక్షే పెట్టుకోవద్దంటాను. మెసేజ్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూస్తూ తేల్చుకుందామని కూర్చుంటే, మనం చూసేదంతా మోసగాడు మనకోసం తయారు చేసిందే. పది నకిలీలు పట్టుకున్నవాళ్లు కూడా పదకొండోదానికి దొరికిపోతారు.

అంతకంటే తేలికైన పని ఒకటుంది. మెసేజ్ మూసేయండి. ఆ షాపు యాప్ మీ ఫోన్లో ఉంటే అది తెరవండి, లేదా వెబ్‌సైట్ అడ్రస్ మీరే టైప్ చేయండి. ఆఫర్ నిజమైతే అక్కడా కనిపిస్తుంది. కనిపించలేదా, ఆ మెసేజ్‌తో మీకు పనిలేదు. గూగుల్‌లో షాపు పేరు వెతికి మొదటి లింకు నొక్కడం మాత్రం వద్దు, పైన కనిపించే ప్రకటనల్లో కూడా నకిలీ సైట్లు దూరుతుంటాయి.

కూపన్ కోడ్ వచ్చిందంటారా? కోడ్ అంటే నాలుగు అక్షరాలు, రెండు అంకెలు. దానికి లింకుతో పనేముంది? అసలు యాప్‌లో బిల్లు కట్టే చోట టైప్ చేసి చూడండి. పనిచేస్తే తగ్గింపు వస్తుంది, లేకపోతే "కోడ్ చెల్లదు" అంటుంది. పోయేదేమీ లేదు.

పంపినవారి దగ్గర షాపు పేరే ఉంది. పైగా నా పాత ఆర్డర్ల మెసేజ్‌ల కిందే వచ్చింది. ఇది నిజమే అయ్యుంటుంది కదా?

ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మొదటి ఎస్సెమ్మెస్ వెళ్లింది 1992 డిసెంబర్ 3న. నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీర్ కంప్యూటర్ నుంచి ఒక ఫోన్‌కు "మెర్రీ క్రిస్మస్" అని పంపాడు. ఆ కాలంలో రూపొందిన పద్ధతిలో, మెసేజ్ పంపినవాడు నిజంగా వాడేనా అని మన ఫోన్ సరిచూసుకునే ఏర్పాటు లేదు. ఇప్పటికీ లేదు. పంపేవారి నంబర్ బదులు 11 అక్షరాల దాకా ఒక పేరు పెట్టుకునే వీలు మాత్రం ఉంది. కంపెనీల సౌకర్యం కోసం వచ్చిన ఆ వీలునే మోసగాళ్లూ వాడుకుంటున్నారు.

ఇక మన ఫోన్ చేసే పని ఏమిటంటే, ఒకే పేరుతో వచ్చిన మెసేజ్‌లన్నిటినీ ఒకే వరసలో పెట్టేస్తుంది. నిన్న షాపు నుంచి నిజంగా వచ్చిన "మీ పార్సిల్ బయల్దేరింది", ఈరోజు మోసగాడు అదే పేరుతో పంపిన "మీకు 80 శాతం తగ్గింపు" ఒకదాని కింద ఒకటి చేరతాయి. మీ ఫోనే దానికి సాక్ష్యం చెప్పినట్టు అనిపిస్తుంది. అది సాక్ష్యం కాదు, పేర్ల ప్రకారం సర్దడం, అంతే.

కొన్ని దేశాలు దీనికి అడ్డుకట్ట వేస్తున్నాయి. సింగపూర్‌లో 2023 జనవరి నుంచి కంపెనీలు తమ పేర్లు ముందే నమోదు చేసుకోవాలి. నమోదు కాని పేరుతో వస్తే "మోసం కావచ్చు" అనే ముద్రతో మెసేజ్ కనిపిస్తుంది. భారత్‌లోనూ వ్యాపార మెసేజ్‌లు పంపే పేర్లకు రిజిస్ట్రేషన్ ఉంది. దీనివల్ల మేలే కానీ, పూర్తి రక్షణ అనుకోకండి. చిన్నపాటి నకిలీ సెల్ టవర్ లాంటి పరికరాన్ని కారులో పెట్టుకుని తిరుగుతూ చుట్టుపక్కల ఫోన్లకు నేరుగా మెసేజ్‌లు కొట్టేవాళ్లు చాలా దేశాల్లో పట్టుబడ్డారు. ఆ మెసేజ్ టెలికాం కంపెనీ నెట్‌వర్క్ గుండా రాదు కాబట్టి వాళ్ల ఫిల్టర్ దాన్ని ఆపలేదు. ఈ పరికరాలు ఎక్కువగా ఫోన్‌ను పాత 2జీకి దింపి పని కానిస్తాయి. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 2జీ ఆఫ్ చేసుకునే వీలుంది. మీరుండే చోట 4జీ సరిగ్గా అందుతుంటే ఆఫ్ చేసేయండి.

మరి లింకు చూసి కనిపెట్టలేమా?

కొంతవరకు కనిపెట్టొచ్చు. చదివే పద్ధతి తెలియాలి. మనం అడ్రస్‌ను ఎడమ నుంచి చదువుకుంటూ పోతాం, తెలిసిన పేరు తగలగానే ఆగిపోతాం. మోసగాడికి కావలసింది కూడా అదే.

చదవాల్సింది మొదటి ఏటవాలు గీత (/) దగ్గర్నుంచి వెనక్కి. మొదట్లో హెచ్‌టీటీపీఎస్ తర్వాత వచ్చే జంట గీతల్ని పక్కనపెట్టండి. ఆ తర్వాత కనిపించే మొదటి ఒంటి గీత దగ్గర ఆగి, దానికి ఎడమ పక్క చివరి రెండు ముక్కలు చూడండి. సైటు అసలు యజమాని ఎవరో చెప్పేది అవే. (డాట్ సీఓ డాట్ ఇన్ లాంటివాటికి మూడు ముక్కలు చూడాలి.) ఉదాహరణకు "షాపుపేరు డాట్ కామ్ డాట్ మెగాసేల్ డాట్ టాప్" అని ఉందనుకోండి. మొదట్లో షాపుపేరు డాట్ కామ్ ఉన్నా, అది ఆ షాపుది కాదు. "మెగాసేల్ డాట్ టాప్" కొనుక్కున్నవాడిది. వాడు దాని ముందు ఎవరి పేరైనా తగిలించుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మధ్యలో అడ్డగీత పెట్టి "షాపుపేరు-ఆఫర్స్ డాట్ కామ్" అన్నా అంతే, అది పూర్తిగా వేరే సైటు.

ఇంగ్లిష్ అక్షరాలతో ఇంకో చిక్కుంది. చిన్న బడి (స్మాల్ లెటర్స్) అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్ తెర మీద ఎమ్ లాగే ఉంటుంది. సున్నాకీ ఓకీ, ఎల్‌కీ ఒకటికీ తేడా తెలియడం కష్టం. రష్యన్ లిపిలోని కొన్ని అక్షరాలైతే ఇంగ్లిష్ వాటికి అచ్చు గుద్దినట్టు ఉంటాయి. కంటి చూపు ఎంత బాగున్నా లాభం లేదు.

పొట్టి లింకుల సంగతి చెప్పనక్కర్లేదు, అవి ఎక్కడికి వెళ్తాయో పైకి కనబడదు. కంపెనీలు కూడా వాటిని వాడతాయి. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాస్తే 70కే నిండిపోతుంది, గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. చోటు చాలక పొట్టి లింకు పెడతారు. కాబట్టి పొట్టి లింకు ఉన్నంత మాత్రాన మోసమనీ అనలేం, మంచిదనీ అనలేం.

మీ కంటే నిక్కచ్చిగా లింకును చూసేది పాస్‌వర్డ్ మేనేజర్. అసలు సైట్లో అయితే సేవ్ చేసిన పాస్‌వర్డ్ తనే నింపుతుంది. పేజీ ఎంత అచ్చంగా ఉన్నా, అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉంటే నింపదు. రోజూ నిండే చోట ఈసారి నిండలేదంటే, విసుక్కుని చేత్తో టైప్ చేయకండి. ఆ క్షణంలోనే ఆగాలి.

తాళం గుర్తు ఉంటే సైటు సురక్షితమేనని చెప్తారు కదా?

ఆ సలహా పాతబడి చాలాకాలమైంది. మీకూ ఆ సైటుకూ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే తాళం అర్థం. అవతలి వైపు ఉన్నది దొంగా దొరా అన్నది అది చెప్పదు. దానికి కావలసిన సర్టిఫికెట్ ఉచితంగా నిమిషాల్లో వస్తుంది, మోసగాళ్లూ తీసుకుంటారు. జనం దీన్ని అపార్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో అడ్రస్ పట్టీలోంచి తాళం బొమ్మనే తీసేసింది.

తప్పుల తడకగా ఉంటే నకిలీ, శుభ్రంగా ఉంటే అసలు. ఈ లెక్క సరిపోదా?

ఒకప్పుడు సరిపోయేది. ఇప్పుడు ఏఐ టూల్స్‌తో ఏ భాషలోనైనా చక్కటి వాక్యాలు రాయించుకోవచ్చు. తప్పులుంటే అనుమానించండి, బాగానే ఉంది. తప్పుల్లేవని నమ్మితేనే ప్రమాదం.

సాధారణంగా ఎలాంటి మెసేజ్‌లు వస్తుంటాయి?

స్టాక్ క్లియరెన్స్, లక్కీ కస్టమర్ బహుమతి, సర్వే నింపితే గిఫ్ట్ కార్డు, పార్సిల్ అడ్రస్ సరిగ్గా లేదు, మీరు ఎక్కువ కట్టారు కాబట్టి రీఫండ్. పెద్ద సేల్ రోజులు వస్తే వీటి జోరు పెరుగుతుంది, ఎందుకంటే ఆ వారం అసలు షాపులు కూడా సరిగ్గా ఇలాంటి మెసేజ్‌లే కుప్పలుగా పంపుతుంటాయి.

వీటిలో నాకు అన్నిటికంటే తెలివైనదనిపించేది రివార్డ్ పాయింట్ల మెసేజ్. ఇలా ఉంటుంది: "ప్రియమైన కస్టమర్, మీ ఖాతాలోని 8,450 పాయింట్లు ఈ రాత్రి 12 గంటలకు ఎక్స్‌పైర్ అవుతాయి. బహుమతిగా మార్చుకోవడానికి ఇక్కడ నొక్కండి." మీ పేరు లేదు, ఏ ఆర్డరో లేదు. కానీ అంకె మాత్రం గుండుగుత్తగా 8,000 కాదు, 8,450. ఎవరో మీ ఖాతా తెరిచి చూసి చెప్పినట్టుంటుంది. పైగా ఇక్కడ మీకు ఏదో ఇస్తామనడం లేదు, మీదే పోతుందంటున్నారు. ఉచితంగా వచ్చేదాన్ని వద్దనుకునేవాళ్లు కూడా తమది పోతుందంటే ఊరుకోలేరు. గడువు ఈ రాత్రే కాబట్టి ఎవరినైనా అడిగి చూద్దామనే వ్యవధీ ఉండదు. లోపలికి వెళ్తే మంచి మంచి వస్తువుల బొమ్మలు, పాయింట్లకు తోడు చిన్న మొత్తం కట్టమని ఒక పేజీ, అక్కడ కార్డు నంబర్.

డెలివరీ చార్జీ కొంచెమే కదా, పోతే పోయిందనుకుంటే?

వాళ్లకు కావలసింది ఆ చార్జీ కాదు, మీ కార్డు. మొత్తం చిన్నదైతే మనం ఆలోచించకుండా కార్డు తీస్తాం, అందుకే చిన్నది అడుగుతారు. ఇంకో రకం కూడా ఉంది. పేజీ అడుగున కనీకనిపించని అక్షరాల్లో నెల నెలా సభ్యత్వ రుసుముకు ఒప్పుకున్నట్టు రాసి ఉంటుంది. మొదటి నెల గడిచాక కార్డు మీద తెలియని పేరుతో కోత మొదలవుతుంది. ఇలాంటి కోత కనిపిస్తే కార్డు బ్లాక్ చేసి ఊరుకోకుండా, ఆ రికరింగ్ పేమెంట్‌నే రద్దు చేయమని బ్యాంకును విడిగా అడగండి. కొన్ని చోట్ల కొత్త కార్డు ఇచ్చినా పాత సబ్‌స్క్రిప్షన్లు దాని మీదికి వచ్చేస్తాయి.

లింకు నొక్కాను. కానీ ఏమీ నింపలేదు. ఇప్పుడేం చేయాలి?

టెన్షన్ పడాల్సినంత లేదు. ఆ పేజీ మూసేయండి. ఏ ఫైలైనా డౌన్‌లోడ్ అయిందేమో చూసి, అయితే తెరవకుండా తీసేయండి. ఫోన్, బ్రౌజర్ అప్‌డేట్లు పెండింగ్‌లో ఉంటే చేసేయండి. "నోటిఫికేషన్లు పంపవచ్చా" అని అడిగితే సరే అనేశారా? బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ సైటుకు అనుమతి తీసేయండి. లేకపోతే రోజూ ఏదో ఒక ఆఫర్ తెర మీద పడుతూనే ఉంటుంది. ఈ నంబర్ వాడకంలో ఉందని వాళ్లకు తెలిసిపోతుంది కాబట్టి మెసేజ్‌లు కొంత పెరగొచ్చు.

ఒక్క జాగ్రత్త. సగం నింపి, "సబ్మిట్" నొక్కకుండా బయటికి వచ్చానంటే దాన్ని "ఏమీ నింపలేదు" కింద లెక్కేయకండి. కొన్ని నకిలీ పేజీలు మీరు టైప్ చేస్తున్న ప్రతి అంకెనూ అప్పటికప్పుడే పంపేసుకుంటాయి.

కార్డు నంబర్ ఇచ్చేశాను. ఓటీపీ కూడా చెప్పానేమో గుర్తులేదు.

కార్డు వెనకున్న నంబర్‌కో, బ్యాంకు యాప్‌లో ఉన్న నంబర్‌కో ఫోన్ చేయండి. ఆ మెసేజ్‌లో ఇచ్చిన "కస్టమర్ కేర్" నంబర్‌కు కాదు. బ్యాంకు యాప్‌లో కార్డును ఫ్రీజ్ చేసే మీట ఉంటే ఫోన్ కలిసేలోపు అది నొక్కేయండి. తర్వాత మీ ఓటీపీ మెసేజ్‌లు తెరిచి ఒక్కొక్కటీ పూర్తిగా చదవండి. హడావుడిలో మనం చూసేది ఆరు అంకెలే, చుట్టూ ఉన్న వాక్యం చదవం. ఆ వాక్యంలోనే అసలు సంగతి ఉంటుంది.

ఈమధ్య నడుస్తున్న మోసం చాలావరకు ఇలా ఉంటుంది. మీరు నకిలీ పేజీలో కార్డు నంబర్ కొట్టగానే, అవతలివాడు అదే నంబర్‌ను తన ఫోన్లోని డిజిటల్ వాలెట్‌లో నమోదు చేయడం మొదలుపెడతాడు. బ్యాంకు మీకు ఓటీపీ పంపుతుంది. అందులో "కార్డును వాలెట్‌కు జత చేయడానికి" అని రాసి ఉంటుంది. మీరేమో అది కొనుగోలు కోసమనుకుని పేజీలో కొట్టేస్తారు. అంతే, మీ కార్డు వాడి ఫోన్లో కూర్చుంటుంది. ఆ తర్వాత ప్రతి ఖర్చుకూ మీ ఓటీపీ అడగాల్సిన పని ఉండదు. డబ్బు ఆ రోజే పోవాలని కూడా లేదు. కొన్నాళ్లు ఆగి, మీరు మర్చిపోయాక వాడతారు. అందుకే బ్యాంకుతో మాట్లాడేటప్పుడు "కార్డు బ్లాక్ చేయండి" అని ఆపేయకండి. "నా కార్డు ఏయే వాలెట్లకు, ఏయే ఫోన్లకు జత అయి ఉందో చూసి అన్నీ తీసేయండి" అని అడగండి. ఫిర్యాదు నంబర్ రాసుకోండి. డబ్బు పోయి ఉంటే ఆ లావాదేవీలు మీవి కావని రాతపూర్వకంగా తెలియజేయండి. వాపసు విషయంలో ఎంత త్వరగా చెప్పారన్నది చాలా చోట్ల లెక్కలోకి వస్తుంది.

పాస్‌వర్డ్ కూడా కొట్టి ఉంటే దాన్ని మార్చండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడుతున్నారో అక్కడ కూడా మార్చండి, ముందుగా ఈమెయిల్‌ది.

ఆఫర్ కోసం యాప్ ఇన్‌స్టాల్ చేయమన్నారు, చేశాను.

ప్లే స్టోర్ బయట, మెసేజ్‌లోంచి వచ్చిన ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైల్) అయితే ఇది లింకు నొక్కడం కంటే చాలా పెద్ద విషయం. వెంటనే ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. ఇలాంటి యాప్‌లు మొదట అడిగేది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, తర్వాత యాక్సెసిబిలిటీ అనుమతి. మొదటిది ఇస్తే మీకొచ్చే ఓటీపీలు వాళ్లకూ వెళ్తాయి. రెండోది ఇస్తే మీ తెర మీద ఏముందో చూడగలరు, మీ బదులు మీటలు నొక్కగలరు. బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి కాల్ చేయండి. పాస్‌వర్డ్‌లు కూడా వేరే ఫోన్ నుంచే మార్చండి. యాప్‌ను తీసేయబోతే మొండికేస్తే, ముఖ్యమైన ఫొటోలు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మంచిది. స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టించినా ఇదే పద్ధతి.

"ఆపడానికి స్టాప్ అని పంపండి" అని ఉంది. పంపనా?

మీరు నిజంగా సభ్యత్వం తీసుకున్న షాపు అయితే పంపొచ్చు. ముక్కూ మొహం తెలియని నంబర్‌కు ఏ జవాబూ వద్దు, తిట్టడానికి కూడా. "లింకు పనిచేయకపోతే వై అని రిప్లై ఇచ్చి మళ్లీ తెరవండి" అన్న మెసేజ్ వస్తే అది దాదాపు మోసమేనని తేల్చుకోవచ్చు. ఐఫోన్‌లో తెలియనివారు పంపిన ఐమెసేజ్ లింకులు నొక్కడానికి వీల్లేకుండా ఉంటాయి, మీరు జవాబిస్తే తెరుచుకుంటాయి. ఆ అడ్డును మీ చేతే తీయించడానికే ఈ ఎత్తు.

నా నంబర్ వాళ్లకెలా దొరికింది? నంబర్ మార్చుకోనా?

ఏదో కంపెనీ నుంచి బయటపడ్డ కస్టమర్ల జాబితా కావచ్చు, ఎక్కడో లక్కీ డ్రా చీటీలో మీరే రాసింది కావచ్చు. చాలాసార్లు అసలు దొరకనే అక్కర్లేదు, కంప్యూటర్ వరస నంబర్లకు కొట్టుకుంటూ పోతుంది. కాబట్టి నంబర్ మార్చినా పెద్ద ఉపయోగం లేదు. కొత్త నంబర్ కూడా అదే వరసలో ఉంటుంది. మీ బ్యాంకులన్నిటిలో నంబర్ మార్పించే శ్రమ ఒకటి అదనం.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

మెసేజింగ్ యాప్‌లోనే "స్పామ్‌గా రిపోర్ట్ చేయి" అని ఉంటుంది, నొక్కడం క్షణం పని. అమెరికా, బ్రిటన్‌లో ఆ మెసేజ్‌ను 7726కు ఫార్వర్డ్ చేయొచ్చు. భారత్‌లో డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి. డబ్బు పోకుండా మెసేజ్ మాత్రమే వస్తే ప్రభుత్వ టెలికాం పోర్టల్ సంచార్ సాథీలో, ఇలాంటి ఫిర్యాదుల కోసమున్న "చక్షు" విభాగంలో తెలియజేయొచ్చు. మరో దేశంలో ఉంటే అక్కడి సైబర్ పోలీసు నంబర్ ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసి పెట్టుకోండి. మెసేజ్ డిలీట్ చేసేముందు నంబర్, లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోవడం మర్చిపోకండి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఎలా చెప్పాలి? చెప్తే విసుక్కుంటారు.

పెద్దవాళ్లే మోసపోతారన్న మాట నేను ఒప్పుకోను. ఆన్‌లైన్లో రోజూ కొనే కుర్రాళ్లకు ఇలాంటి మెసేజ్‌లు మామూలైపోయి, చదవకుండానే నొక్కేస్తారు. అందుకని పాఠం చెప్పినట్టు కాకుండా, మీకొచ్చిన నకిలీ మెసేజ్ ఒకటి వాళ్లకు చూపించి "ఇదేమిటో చూడండి" అని అడగండి. ఏ ఆఫర్ వచ్చినా ముందు మీకు పంపమనండి, ఎన్నిసార్లు పంపినా ఓపిగ్గా చూసి పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, పొరపాటున డబ్బు పోతే తిట్టరన్న నమ్మకం వాళ్లకుండాలి. తిడతారన్న భయంతో రెండు రోజులు దాచిపెడితే, బ్యాంకు ఆపగలిగిన డబ్బు కూడా ఆపలేకుండా పోతుంది. పిల్లల విషయంలోనూ ఇంతే.

పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామని ఎవరో మెసేజ్ పెట్టారు. నమ్మొచ్చా?

వద్దు. ఒకసారి మోసపోయినవారి నంబర్లను మోసగాళ్లు జాబితాలుగా అమ్ముకుంటారు. కొన్న కొత్తవాళ్లు లాయర్లమనో, సైబర్ అధికారులమనో చెప్పి "ప్రాసెసింగ్ ఫీజు" అడుగుతారు. మీ డబ్బు ఎంత పోయింది, ఏ రోజు పోయింది అన్నీ సరిగ్గా చెప్తారు కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. వాళ్లకు ఆ వివరాలు తెలిసింది మొదటి మోసగాడి దగ్గర్నుంచే. డబ్బు వాపసు రావాలంటే మీ బ్యాంకు ద్వారానో, మీరు పెట్టిన పోలీసు ఫిర్యాదు ద్వారానో రావాలి. ముందు ఫీజు కట్టమన్నవాడి నంబర్‌ను కూడా అదే ఫిర్యాదులో చేర్పించండి.